రంగు ఎవరి సొత్తు? ఒక ఆకుపచ్చ బూజు వంశచరిత్ర

హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో "సున్నపుకట్టు" అనే మాట వినబడితే చాలు, ఇంటిల్లిపాదీ ముఖాలు వాడిపోతాయి. ఆ రోగం తగిలిన పురుగు మేత మానేస్తుంది, కదలిక తగ్గుతుంది, చచ్చిన తరువాత కర్రముక్కలా బిగుసుకుపోతుంది. ఆపైన ఒకటి రెండు రోజులలో ఒళ్లంతా సున్నం పూసినట్లు తెల్లబడుతుంది. విచిత్రమేమిటంటే, ఇటలీలో పట్టుపురుగులు పెంచిన రైతులు కూడా ఈ రోగానికి సున్నం పేరే పెట్టుకున్నారు. వాళ్ల భాషలో "కాల్చినో" అన్నారు. మనవాళ్లూ వాళ్లూ ఎన్నడూ ఎదురుపడి మాట్లాడుకున్నవాళ్లు కాదు. ఇద్దరూ చూసింది ఒక్క రంగునే.

ఆ తెల్లదనం సున్నం కాదనీ, అది ప్రాణమున్న బూజు అనీ, అదే రోగానికి కారణమనీ లోదీ పట్టణానికి చెందిన అగొస్తీనో బస్సీ 1835లో ప్రకటించాడు. న్యాయశాస్త్రం చదువుకున్న ఈ పెద్దమనిషి పాతికేళ్లపాటు పురుగులతో కుస్తీపట్టి, చచ్చిన పురుగు మీది తెల్లపొడిని బతికున్న పురుగుకి అంటించి రోగం పుట్టించి చూపాడు. పాశ్చర్ పేరు ఇంకా ఎవరికీ తెలియని రోజులవి. ఒక సూక్ష్మజీవి ఒక జంతువుకి రోగం తెస్తుందని మొదట రుజువైంది మనిషి విషయంలో కాదు, పట్టుపురుగు విషయంలో. ఆ బూజుకి బస్సీ పేరే స్థిరపడింది. ఈనాడు దానిని బొవేరియా బస్సియానా అంటున్నారు.

మరి నలభైనాలుగు సంవత్సరాలకి, 1879లో, ఒడెస్సాలో ఇల్యా మెచ్నికోవ్ గోధుమపంటను తినే పెంకుపురుగుల మీద ఇంకొక బూజును చూశాడు. మొదట తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ ఆకుపచ్చగా మారేది. దీనికే తరువాత మెటారైజియం అనిసొప్లియే అని పేరు వచ్చింది. పురుగును చంపే ఈ బూజును పెంచి, పొలంలో చల్లి, పంటను కాపాడుకోవచ్చునేమోనని ఆలోచించినవారిలో మెచ్నికోవ్ మొదటి వరుసలోనివాడు. మన పాఠకులలో వైద్యులు చాలామంది ఉన్నారు. రక్తంలోని తెల్లకణాలు సూక్ష్మజీవులను మింగుతాయని చెప్పి 1908లో నోబెల్ బహుమానం పంచుకున్న మెచ్నికోవ్ ఈయనే.

ఈ బూజు పనిచేసే తీరు ముందు తెలుసుకోవాలి. దీని సిద్ధబీజం గాలిలోనో మట్టిలోనో ఉండి పురుగు పైచర్మానికి అంటుకుంటుంది. తేమ తగిలితే మొలకెత్తి, ఒక అదుముడుబిళ్ల వంటి దానిని తయారుచేసుకుని, కొంత ఒత్తిడితోనూ కొంత చర్మాన్ని కరిగించే రసాలతోనూ లోపలికి దూరుతుంది. పురుగు రక్తంలో పెరిగి దానిని చంపి, తిరిగి చర్మాన్ని చీల్చుకుని బయటకు వచ్చి కోట్లకొద్దీ సిద్ధబీజాలను కాస్తుంది. మనకు కనిపించే రంగు ఈ సిద్ధబీజాల రంగే. పోగుల్లాంటి తంతువులు మాత్రం తెల్లగానే ఉంటాయి. కనుక ఆకుపచ్చ బూజు అయినా చిన్నతనంలో తెల్లనిదే.

ఇక అమెరికా కథకి వద్దాం. 1880ల చివర కాన్సస్ రాష్ట్రంలో చించ్ బగ్ అనే నల్లి జాతి పురుగు గోధుమనూ మొక్కజొన్ననూ పీల్చి పిప్పిచేసింది. లారెన్స్‌లోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ హంటింగ్టన్ స్నో అనే ఆచార్యుడు తెల్లబూజు పట్టిన పురుగులను సేకరించి, పెట్టెలలో పెట్టి రైతులకు పంపడం మొదలుపెట్టాడు. రైతు ఆ చచ్చిన పురుగులను తన పొలంలోని పురుగులతో కలిపి వదలాలి. 1891లో రాష్ట్ర శాసనసభ ఈ పనికి డబ్బు మంజూరుచేసింది. తరువాతి సంవత్సరాలలో వేలకొద్దీ పొట్లాలు తపాలాలో వెళ్లాయి. పురుగులు చచ్చాయని సంతోషంతో జవాబులు రాసిన రైతులు ఎందరో.

కాని 1911లో బిల్లింగ్స్, గ్లెన్ అనే ఇద్దరు పరిశోధకులు కేంద్ర వ్యవసాయశాఖ పక్షాన వెలువరించిన నివేదిక ఈ ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. ఆ బూజు కాన్సస్ పొలాలలో ముందే అంతటా ఉన్నది. వానపడి తేమ ఉంటే అది తనంతట తానే విజృంభిస్తుంది, తేమ లేకపోతే పొట్లం వేసినా కదలదు. రైతు చల్లినదానివల్ల అదనంగా జరిగింది కనబడలేదు. చల్లిన బూజు ఏది, పొలంలో పుట్టిన బూజు ఏది అని వేరుచేసి చెప్పే గుర్తు ఆనాడు ఎవరి దగ్గరా లేదు. రెండూ ఒకే తెలుపు. గుర్తులేని విత్తనం చల్లి, పంట ఎవరిదని అడిగితే ఏం చెబుతాం?

ఫ్లారిడాలో మాత్రం రంగు కళ్లకు కొట్టొచ్చినట్లు కనిపించింది. అక్కడి నారింజతోటలలో తెల్లదోమ మీద ఆషెర్సోనియా అనే బూజు ఎర్రటి పొక్కుల్లా కాస్తుంది. 1897లో హెచ్. జె. వెబ్బర్ దీనిని వర్ణించాడు. దానికి దగ్గర చుట్టమైన పసుపురంగు బూజు కూడా ఉంది. తోటల యజమానులు బూజుపట్టిన ఆకులను నీళ్లలో కడిగి, ఆ నీళ్లను చెట్లమీద చిమ్మేవారు. కొద్ది సంవత్సరాలలో తేలిందేమిటంటే, పసుపుబూజు ఒక జాతి తెల్లదోమ మీదనే బాగా పెరుగుతుంది, ఎర్రబూజు మామూలు నారింజ తెల్లదోమను ఇష్టపడుతుంది. ఎర్రదాని పిల్లలు ఎర్రవే, పసుపుదాని పిల్లలు పసుపువే. అంటే రంగు వాతావరణం పూసిన పూత కాదు, వంశం నుంచి వస్తున్నది. అయితే ఎలా వస్తున్నది?

ఇక్కడే చిక్కు వచ్చింది. వారసత్వం తెలుసుకోవడానికి మెండెల్ మనకు నేర్పిన మార్గం ఒకటే: రెండు రకాలకు పెళ్లిచేసి, పిల్లలనూ మనుమలనూ లెక్కపెట్టాలి. బఠాణీ మొక్కకు పువ్వుంది, పుప్పొడి ఉంది. కాని మెటారైజియం, బొవేరియా వంటి బూజులకు ఆడా మగా కలిసే దశ ఏదీ అప్పట్లో కనబడలేదు. వీటిని "అసంపూర్ణ శిలీంధ్రాలు" అని ఒక మూలకు నెట్టివేశారు. పెళ్లే లేని ఇంట్లో వంశవృక్షం గీయడం ఎలాగ?

పెళ్లిచేసుకునే బూజులతోనే అమెరికాలో పని మొదలైంది. న్యూయార్క్ వృక్షోద్యానంలో బి. ఓ. డాడ్జ్ రొట్టెమీద పెరిగే నారింజరంగు న్యూరోస్పోరాను పట్టుకున్నాడు. రంగున్న దానినీ, రంగులేని పాలిపోయిన దానినీ కలిపితే, ఒక్కొక్క తిత్తిలో వరుసగా అమరే ఎనిమిది సిద్ధబీజాలలో నాలుగు ఒక తల్లి పోలిక, నాలుగు రెండవ తల్లి పోలిక. ఇంత శుభ్రమైన లెక్క బఠాణీ కూడా చూపలేదు. డాడ్జ్ కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసం విన్నవారిలో జార్జ్ బీడిల్ అనే విద్యార్థి ఉన్నాడు. అదే బీడిల్, టేటమ్‌తో కలిసి 1941లో స్టాన్‌ఫర్డ్‌లో ఇదే బూజుతో చేసిన ప్రయోగాలు ఒక్కొక్క జన్యువు శరీరంలో ఒక్కొక్క రసాయనచర్యను నడిపిస్తుందని చూపాయి. 1958లో వారిద్దరికీ నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

పెళ్లిలేని బూజుల సంగతికి మొదటి తాళంచెవి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దొరికింది. 1932లో హాన్సెన్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు ఒక బూజులోని తంతువులు పక్కపక్కన పెరుగుతూ ఒకదానితో ఒకటి అతుక్కుంటాయనీ, అప్పుడు ఒకే తంతువులో రెండు వంశాల కేంద్రకాలు కాపురముంటాయనీ చూపించారు. ఇది మన ఉమ్మడికుటుంబం వంటిది. ఇల్లు ఒకటే, వంట ఒకటే, కాని వంశాలు రెండు. దీనిని మనం "మిశ్రకేంద్రక స్థితి" అనుకుందాం.

ఆ ఇంట్లో అప్పుడప్పుడు ఇంకొక ఘటన జరుగుతుందని 1952 ప్రాంతాలలో స్కాట్లండులోని గ్లాస్గోలో పొంటెకోర్వో, రోపర్ కనిపెట్టారు. లక్షల కేంద్రకాలలో ఎక్కడో రెండు కలిసిపోతాయి. కలిసిన కేంద్రకం కొన్నాళ్లు అలాగే పెరిగి, విభజన జరిగేటప్పుడు క్రోమోసోములు ముక్కలు మార్చుకుని, కొన్నిటిని వదులుకుంటూ తిరిగి ఒంటిజత స్థితికి వస్తుంది. ఆడామగా లేకుండానే ఆస్తి పంపకం జరిగిపోయింది! దీనికి వారు పెట్టిన పేరును మనం "పరాలైంగిక చక్రం" అనవచ్చు.

వారు వాడిన బూజు ఆస్పర్జిల్లస్ నిడులాన్స్. దాని సహజమైన రంగు ఆకుపచ్చ. ఉత్పరివర్తనం వల్ల ఒకటి తెల్లదీ, ఒకటి పసుపుదీ దొరికాయి. రెండిటినీ ఒక ఇంట్లో ఉంచితే ఒకే కొమ్మ చివర తెల్ల గొలుసులూ పసుపు గొలుసులూ పక్కపక్కన కాస్తాయి. ప్రతి సిద్ధబీజంలో ఒక్క కేంద్రకమే ఉంటుంది కనుక ఎవరి రంగు వారిదే. కాని కేంద్రకాలు రెండూ కలిసిపోయిన చోట పుట్టిన సిద్ధబీజాలు తెలుపూ కాదు, పసుపూ కాదు. మళ్లీ పచ్చగా ముత్తాత పోలికతో వచ్చాయి!

ఇందులో మంత్రమేమీ లేదు. రంగు తయారీ రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టులో పసుపుద్రవ్యం తయారవుతుంది, రెండవ మెట్టులో అది ఆకుపచ్చగా మారుతుంది. తెల్లదానికి మొదటి పనివాడు లేడు, పసుపుదానికి రెండవ పనివాడు లేడు. ఇద్దరినీ ఒక గదిలో పెడితే ఎవరి లోటు వారు పూడ్చుకుంటారు. గ్లాస్గోలోనే క్లట్టర్‌బక్ 1972లో పసుపుదానికి లేని పనివాడు లాకేస్ అనే ఎంజైమ్ అని చూపాడు. తెల్లదానికి లేనిది ఏమిటో 1990 తరువాత జార్జియా విశ్వవిద్యాలయంలో మయోర్గా, టింబర్‌లేక్ చూపారు. అది పాలీకీటైడ్ సింథేస్ అనే పెద్ద ఎంజైమ్.

పురుగుబూజు మీద ఈ కిటుకును ప్రయోగించే పని 1971లో బయటపడింది. టిన్‌లైన్, నొవియెల్లో అమెరికా శిలీంధ్రశాస్త్ర సంఘం పత్రిక మైకొలాజియాలో మెటారైజియంలో మిశ్రకేంద్రక స్థితి ఉందని ప్రకటించారు. 1980లో బ్రెజిల్‌నుంచి మెస్సియాస్, అజెవేదో, అదే సంవత్సరం కెనడా పత్రికలో అల్ ఐద్రూస్, పరాలైంగిక చక్రం కూడా ఉందని చూపించారు. బ్రెజిల్‌వారికి ఇది కాలక్షేపం కాదు. అక్కడ చెరకుతోటల పురుగుమీద ఈ బూజును పెద్దయెత్తున చల్లుతున్నారు, మంచి వంగడం కావాలి. వీరి పనిలో రంగే చౌకైన గుర్తు. వేల గుంపులలో ఎవరు ఎవరి బిడ్డో సూక్ష్మదర్శిని లేకుండానే, పళ్లెం మూత తీసి చూస్తే తెలిసిపోతుంది. కాన్సస్‌లో లేకపోయిన గుర్తు ఇదే.

ఇంకొక తమాషా కూడా తేలింది. ఈ బూజులు ఎవరితో పడితే వారితో అతుక్కోవు. దగ్గర చుట్టాలయితేనే తంతువులు కలిసి నిలుస్తాయి, పరాయివాళ్లయితే కలిసినచోట కణాలు చచ్చిపోతాయి. మనం సగోత్రం వద్దంటాం, ఇవి సగోత్రం తప్ప వద్దంటాయి.

అమెరికాలో ఈ విద్యకు పుట్టిల్లు వంటిది బాయిస్ థామ్సన్ సంస్థ. 1924లో యాంకర్స్‌లో మొదలై, 1978లో ఇథాకాలోని కోర్నెల్ ఆవరణకు మారింది. అక్కడ డొనాల్డ్ రాబర్ట్స్ పురుగుబూజులను సేకరించి పరిశోధించాడు. వ్యవసాయశాఖవారి వేలకొద్దీ రకాల బూజుభాండాగారం ఇథాకాలోనే ఏర్పడింది. 2009లో మెటారైజియం జాతులను తిరిగి విభజించినప్పుడు, ఒకదానికి రాబర్ట్స్ పేరు మీద మెటారైజియం రాబర్ట్‌సై అని నామకరణం చేశారు.

రంగు కేవలం గుర్తేనా, దానివల్ల బూజుకేమైనా లాభముందా అన్న ప్రశ్నకు జవాబు యూటాలో వచ్చింది. రాబర్ట్స్ తరువాత లోగన్‌లోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉండగా, బ్రెజిల్‌నుంచి వచ్చిన బ్రాగా, రాంజెల్ మొదలైనవారితో కలిసి, సూర్యకాంతి వంటి దీపం కింద రంగురంగుల మెటారైజియం సిద్ధబీజాలను ఉంచి చూశారు. 2006లో ప్రకటించిన ఫలితం: ముదురు ఆకుపచ్చవి అందరికంటె బాగా తట్టుకున్నాయి, తెల్లవి ముందుగా చచ్చాయి, పసుపూ ఊదా మధ్యలో నిలిచాయి. మన చర్మంలో మెలనిన్ చేసే గొడుగుపనినే ఇక్కడ వేరొక రంగుద్రవ్యం చేస్తున్నది. అయితే అదే బృందం మరిన్ని రకాలను పరీక్షించి, రంగుకీ ఓర్పుకీ ఉన్న సంబంధం అన్ని వంశాలలో ఒకేలా లేదని కూడా రాసింది. రంగు ఒక్కటే చూసి బలాన్ని లెక్కకట్టడానికి వీల్లేదన్నమాట.

2010లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో వైగువో ఫాంగ్, రేమండ్ సెయింట్ లెజర్, రాబర్ట్స్ ప్రభృతులు మెటారైజియంలో ఒక లాకేస్ జన్యువును పనిచేయకుండా చేశారు. పచ్చని బూజు పసుపు అయింది. ముప్పైయెనిమిది సంవత్సరాల క్రితం గ్లాస్గోలో మరో బూజులో చూసిన బొమ్మే ఇది. కాని ఇక్కడ ఇంకొకటి కూడా జరిగింది. ఆ పసుపుబూజు ఎండకూ వేడికీ తట్టుకోలేకపోవడమే కాక, గొంగళిపురుగును చంపడంలో కూడా వెనకబడింది. చర్మానికి అదుముకునే బిళ్ల సరిగా ఏర్పడలేదు. ఒక జన్యువు రంగు తయారీలోనూ, ఆయుధం తయారీలోనూ చేయివేస్తున్నదన్నమాట. 2018లో చైనాలో ఫాంగ్ బృందం ఇంకొక మెట్టు దిగింది. మెటారైజియం పూర్వీకులలో ఒక పాలీకీటైడ్ జన్యువుల గుంపు రెండు ప్రతులయింది. ఒక ప్రతి సిద్ధబీజానికి రంగు వేసి ఎండనుంచి కాపాడుతుంది, రెండవది పురుగు చర్మాన్ని ఛేదించే పనికి మళ్లింది. ఒకే తల్లి బిడ్డలు, ఒకరు ఇల్లు కాస్తున్నారు, ఒకరు వేటకు వెళుతున్నారు.

ఇదంతా ఎవరికి కావాలి అని అడిగేవారికి జవాబు ఉంది. బూజుమందుకి పెద్దశత్రువు ఎండ. పొలంలో చల్లిన సిద్ధబీజం ఆకుమీద కొద్ది గంటల ఎండకే చచ్చిపోతే రైతు డబ్బు వృథా. పైగా ఈ బూజును పళ్లెంలో మెత్తని తిండిమీద తరాల తరబడి పెంచితే మధ్యమధ్య తెల్లని చారలు పుడతాయి. ఇవి పైన చెప్పిన తెల్ల సిద్ధబీజాల రకం కావు, అసలు సిద్ధబీజాలే కాయని గొడ్డుభాగాలు. ఇది ముసలితనపు లక్షణమని సెయింట్ లెజర్ సహచరులు 2005లో చూపారు. పురుగుమీద వేటాడే అవసరం లేని చోట వేటాడే శక్తి సడలుతుంది. తిరిగి పురుగుమీదకు పంపి, అక్కడినుంచి తెచ్చుకుంటే చాలాసార్లు పదును వస్తుంది. కనుక బూజును అమ్మే కర్మాగారంలో పళ్లెం రంగును చూస్తూ ఉండడం వంటింట్లో పాలు పొంగకుండా చూడడమంత ముఖ్యం.

ఆఫ్రికాలో మలేరియా దోమమీద కూడా ఈ బూజును ప్రయోగించారు. మేరీలాండ్ బృందం బుర్కినా ఫాసో శాస్త్రజ్ఞులతో కలిసి, సాలీడువిషపు జన్యువును చేర్చిన మెటారైజియంను దోమతెరతో కట్టిన గ్రామం వంటి ఆవరణలో వదలగా, 45 రోజులలో దోమల సంతతి దాదాపు కూలిపోయిందని 2019లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఇటు మన కోనసీమలో కొబ్బరిచెట్టు మొవ్వును తొలిచే కొమ్ముపురుగు ఎరువుగుంటలలో పిల్లలు పెడుతుంది. ఆ గుంటలలో మెటారైజియం కలపమని మన వ్యవసాయశాస్త్రజ్ఞులు రైతులకు చెబుతూ వచ్చారు. గుంటలో నీడ ఉంటుంది, తేమ ఉంటుంది. బూజుకి ఎండ భయం లేదు. ఒడెస్సాలో పుట్టిన ఆలోచన అక్కడ తనకు తగిన చోటును చూసుకున్నది.

మన ఇళ్లలో సంబంధాలు చూసేటప్పుడు "పిల్ల ఛాయ ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్న సముద్రాలు దాటి వచ్చినా వెనకబడలేదు. ఆ ప్రశ్న వేసే పెద్దలకి ఈ బూజుకథలో పనికివచ్చే మాట ఒకటుంది. ముదురురంగు లోపం కాదు, ఎండను మోయడానికి వంశం కష్టపడి కూడబెట్టిన గొడుగు. అలాగని ఆ గొడుగు చూసి ఇంటి విలువ కట్టడమూ తెలివి కాదు, యూటావారి రెండవ వ్యాసం చెప్పిందదే.

పిల్లలకు ఈ సంగతి కళ్లారా చూపించాలంటే ప్రయోగశాల అక్కరలేదు. ఆకులు రాలే కాలంలో కిటికీ అద్దానికి రెక్కలు పైకెత్తి అతుక్కుని చచ్చిన ఈగను వెతకండి. దాని చుట్టూ అద్దంమీద తెల్లని పొడి వలయంలా ఉంటే అది మరొక పురుగుబూజు చిమ్మిన సిద్ధబీజాల వాన. హార్వర్డ్‌కు చెందిన రోలండ్ థాక్స్‌టర్ 1888లోనే అమెరికాలో దొరికే ఈ రకం బూజులన్నిటినీ ఒక గ్రంథంలో వర్ణించాడు. అద్దం తుడిచేముందు పిల్లలను పిలిచి, ఒక భూతద్దం చేతికివ్వండి.